కటింగ్ బాగుంది, వెలుగే కుదరలేదు: హారర్ పోస్టర్‌లో మనిషి అతికించినట్టు కనిపిస్తుంటే

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. గుంటూరులో ఫ్రెండ్స్ అంతా కలిసి తీస్తున్న హారర్ షార్ట్ ఫిల్మ్‌కి పోస్టర్ నీ చేతిలో పడింది. బ్యాక్‌గ్రౌండ్ కొండవీడు కోట మీద రాతి మండపం, పొద్దుగూకే వేళ ఫోన్‌తో తీశారు. లాంతరు పట్టుకున్న అమ్మాయి ఫోటో మాత్రం బ్రాడీపేటలో మీ డాబా మీద, పగలు పదకొండింటికి తీశారు. ఫోటోషాప్‌లో జుట్టుతో సహా నీట్‌గా కట్ చేశావు, మొత్తానికి నీలం రంగు వేశావు, పొగ బ్రష్ కూడా కొట్టావు. అయినా చూసినవాళ్లంతా స్టిక్కర్ అంటించినట్టుంది అంటున్నారు. ఏ టూల్ వాడితే కలిసిపోతుంది, దాన్నే 4 బై 6 అడుగుల ఫ్లెక్స్ వేయించాలంటే ఏం చూసుకోవాలి అని.

నువ్వు పెట్టిన పోస్టర్ పెద్దది చేసి చూశాను. టూల్ సమస్య కాదిది. కటింగ్ నిజంగానే బాగా చేశావు, విజయవాడ గాంధీనగర్‌లో ఏ డిజైనింగ్ సెంటర్‌లో కూర్చున్నా ఆ కటింగ్‌కి వంక పెట్టరు. గొడవంతా ఎక్కడంటే, నీ పోస్టర్‌లో అమ్మాయి మీద సూర్యుడున్నాడు, కోట మీద లేడు. ఆమె ముక్కు కింద, కళ్ల గుంటల్లో, గడ్డం కింద గట్టి అంచున్న నల్లటి నీడలున్నాయి చూడు, అవి నడినెత్తి ఎండ ఇచ్చే నీడలు. మండపం దగ్గర వెలుగు ఆకాశం అంతటి నుంచీ మెత్తగా వస్తోంది, అక్కడ ఒక్క రాయికీ గట్టి నీడ లేదు. ఎండలో తీసిన ముఖం మీద ఎంత నీలం పూసినా అది రాత్రి అవదు, నీలం ఎండ అవుతుంది. పైగా చేతిలో లాంతరు వెలుగుతున్నట్టు చూపించావు, దాని వెలుగు ఆమె చేతి మీద లేదు, చీర మీద లేదు, పక్కనున్న స్తంభం మీద అసలే లేదు. చూసేవాడికి ఇవేవీ మాటల్లో చెప్పడం రాదు, ఏదో తేడాగా ఉందని మాత్రం అర సెకనులో పట్టేస్తాడు.

హారర్‌లో ఇది మామూలు పోస్టర్ల కంటే ఎక్కువ దెబ్బ కొడుతుంది, ఎందుకో చెబుతాను. భయం పుట్టేది పోస్టర్‌లో అన్నీ సరిగ్గా ఉండి ఒక్కటి మాత్రమే తప్పుగా ఉన్నప్పుడు. నువ్వు కావాలని పెట్టిన ఆ ఒక్క తప్పు పనిచెయ్యాలంటే, తెలియక జరిగిన తప్పులు ఒక్కటీ ఉండకూడదు. వెలుగు తప్పు, సైజు తప్పు, నీడ తప్పు, గ్రెయిన్ (ఫోటో మీద కనిపించే సన్నటి గరుకు చుక్కలు) తప్పు అని నాలుగు తప్పులు ఉంటే నీ దెయ్యం ఐదో తప్పుగా కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు. 1860ల్లో అమెరికాలో బోస్టన్‌లో విలియం మమ్లర్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, చనిపోయినవాళ్ల ఆత్మలు వెనక కనిపిస్తున్నాయంటూ బతికున్నవాళ్లకి పోర్ట్రెయిట్లు తీసిచ్చేవాడు. గాజు ప్లేటు మీద రెండు బొమ్మలు పడేలా చేసి మోసం చేస్తున్నాడని 1869లో న్యూయార్క్‌లో కేసు పెట్టారు, చివరికి బయటపడ్డాడనుకో. ఆ ఫోటోలు ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరించేది ఆత్మ బొమ్మ వల్ల కాదు. ముందు కుర్చీలో కూర్చున్న మనిషి పూర్తి మామూలుగా, స్టూడియో వెలుగులో, కోటు బొత్తాలతో సహా నిజంగా కనిపిస్తాడు కాబట్టి. నెత్తురు, పుర్రెలు, గబ్బిలాలు, ఎర్ర కళ్లు అన్నీ ఒకే పోస్టర్‌లో కుక్కేవాళ్లు ఆ ఫోటోలు ఒకసారి చూడాలి.

కాబట్టి ముందు ఆ ఒక్క తప్పు ఏంటో తేల్చుకో. నాకు తోచింది చెబుతాను, నచ్చితే వాడుకో. అమ్మాయి చక్కగా జడ వేసుకుని ఉంది కదా, వెనక స్తంభం మీద పడ్డ ఆమె నీడలో మాత్రం జుట్టు విరబోసుకుని ఉంటుంది. అంతే. మిగతాదంతా కోటకి దీపం పెట్టడానికి వచ్చిన అమ్మాయి ఫోటో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. నీ పోస్టర్‌లో ఉన్న ఎర్ర కళ్లు తీసెయ్యి, ఆ దెయ్యం గోళ్లు కూడా.

ఇక పని. మొదటి మాట కాస్త బాధగా ఉంటుంది, డాబా మీద తీసిన ఫోటో పక్కన పడేసి మళ్లీ తీయండి. ఎండ నీడల్ని ముఖం మీద నుంచి తుడవడం మొదలుపెడితే రెండు రాత్రులు పోతాయి, చివరికి ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. మళ్లీ తీయడానికి గంట చాలు.

రాత్రి పూట, లైట్లన్నీ ఆర్పేసిన గదిలో గానీ అదే డాబా మీద గానీ తీయండి. లాంతరులో కిరోసిన్ వద్దు, చీర కొంగుతో గొడవ. పసుపు రంగు చిన్న ఎల్‌ఈడీ బల్బు, లేదంటే ఫోన్ టార్చికి వెలుగు దూరే పసుపు రంగు సెల్లోఫేన్ కాగితం చుట్టి లోపల పెట్టండి. అసలు వెలుగు దాన్నుంచే రావాలి. దానికి తోడు చాలా తక్కువగా, మెత్తగా ఇంకో వెలుగు కావాలి, ఆకాశం నుంచి వచ్చినట్టు. పక్క గదిలో ట్యూబ్‌లైటు వేసి తలుపు కొంచెం తీసి, ఆ వెలుగు తెల్ల దుప్పటి మీద పడేలా కడితే సరిపోతుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సర్దే సెట్టింగ్) 4000 దగ్గర లాక్ చెయ్యి. ఆటోలో వదిలేస్తే ఫోన్ తెలివి చూపించి లాంతరు పసుపునంతా తెల్లగా మార్చేస్తుంది, నీకు కావాల్సింది ఆ పసుపే. నైట్ మోడ్ ఆపెయ్యి, అది చీకటిని పగలు చేసేస్తుంది. ఫోన్ స్టాండ్ మీద ఉండాలి, ఎక్స్‌పోజర్ ముఖానికి కాకుండా లాంతరు దగ్గరున్న చేతికి లాక్ చెయ్యి.

లాంతరు వెలుగు గురించి ఒక లెక్క బుర్రలో పెట్టుకో, తర్వాత ఫోటోషాప్‌లో కూడా ఇదే పనికొస్తుంది. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపయితే వెలుగు సగం అవదు, నాలుగో వంతు అవుతుంది. లాంతరుకి అడుగు దూరంలో కుచ్చిళ్లు ఉన్నాయనుకో, రెండడుగుల దూరంలో ఉన్న ముఖానికి అందులో నాలుగో వంతే అందుతుంది, వెనక నాలుగడుగుల్లో ఉన్న స్తంభానికి పదహారో వంతు. అందుకే నిజమైన లాంతరు ఫోటోల్లో చెయ్యి ధగధగా ఉండి ముఖం సగం చీకట్లో ఉంటుంది. మనవాళ్లు చేసే పోస్టర్లలో లాంతరు చుట్టూ పెద్ద పసుపు గుండ్రం పెట్టి, ముఖం, గోడ, ఆకాశం అన్నీ ఒకే మోతాదులో వెలిగించేస్తారు, అక్కడే దొరికిపోతారు.

కెమెరా ఎత్తు ఇంకోటి. కొండవీడులో ఫోటో తీసినప్పుడు ఫోన్ ఎంత ఎత్తులో పట్టుకున్నారో గుర్తు చేసుకో. చదునైన నేల మీద కెమెరా నడుము ఎత్తులో ఉంటే, దూరంగా నేలా ఆకాశం కలిసే గీత ఆ ఫోటోలో నిలబడ్డ ప్రతి మనిషికీ నడుము దగ్గరే కోస్తుంది. దగ్గర నిలబడ్డా అంతే, దూరంగా నిలబడ్డా అంతే. కంటి ఎత్తులో తీస్తే అందరికీ కళ్ల దగ్గర కోస్తుంది. నీ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆ గీత కొండ వెనక ఉండి కనపడదు కాబట్టి మండపం చూరు అంచు, మెట్ల అంచు పట్టుకుని గీతలు పొడిగించు, అవి వెళ్లి కలిసే చోటే ఆ ఎత్తు. నీ పోస్టర్‌లో అది ఆమె మోకాళ్ల దగ్గరికి వస్తోంది, అంటే ఫోన్ కిందకి దించి తీశారన్నమాట. అమ్మాయిని మాత్రం నిలబడి ముఖం ఎత్తు నుంచి తీశారు. అందుకే ఆమె పాదాలు పై నుంచి చూసినట్టు, మండపం కింది నుంచి చూసినట్టు ఉన్నాయి. ఈసారి ఫోన్ మోకాలి ఎత్తులో పెట్టి, నాలుగైదు అడుగులు కాకుండా పన్నెండు అడుగులైనా వెనక్కి జరిగి, రెండు రెట్ల లెన్స్‌తో తీయండి. దగ్గర్నుంచి తీస్తే ముక్కు, చెయ్యి పెద్దవై తల చిన్నదవుతుంది.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు, కుదించి పడేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే కేబుల్ పెట్టి కాపీ చేసుకో.

కటింగ్ నీకు వచ్చు కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. ముక్కలన్నీ ముందు స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (సైజు మార్చినా అసలు ఫోటో చెడని లేయర్) మార్చి తర్వాతే సైజు తగ్గించు, ఎరేజర్ ముట్టుకోకుండా అంతా మాస్క్‌తోనే (చెరపకుండా దాచడం) చెయ్యి. సెలెక్ట్ అండ్ మాస్క్‌లో జుట్టు దగ్గర రిఫైన్ బ్రష్ చాలు. ఒక్కో వెంట్రుక కోసం గంటలు కూర్చోవద్దు, ఈ పోస్టర్‌లో ఆమె తల వెనక ఉండేది మండపం లోపలి చీకటి, చీకట్లో వెంట్రుకలు ఎవడు లెక్కపెడతాడు. ఆకాశం మీద పడే భాగం ఉంటేనే కష్టపడు.

ఇప్పుడు అసలు విషయం, నలుపు కలపడం. ఇక్కడే స్టిక్కర్ పోయి మనిషి వస్తుంది. ఇన్ఫో ప్యానెల్ తెరిచి మండపం లోపల అన్నిటికంటే చీకటిగా ఉన్న చోట కర్సర్ పెట్టు. ఎరుపు 14, ఆకుపచ్చ 19, నీలం 27, ఇలాంటి అంకెలు కనపడతాయి, అంటే నల్లగా కనిపించేది కూడా నిజానికి నీలం కలిసిన బూడిద. ఇప్పుడు అమ్మాయి జుట్టు మీద పెట్టు, 2, 2, 3 దగ్గర ఉంటుంది. మధ్యలో గాలి, పొగమంచు ఉన్న చోట మనిషి మీద అంత చిక్కటి నలుపు ఉండదు, ఆ నలుపు వల్లే ఆమె ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. అమ్మాయి లేయర్ మీద ఒక కర్వ్స్ (వెలుగు, చీకటి సర్దేది) లేయర్ పెట్టి, ఆల్ట్ నొక్కి రెండిటి మధ్య క్లిక్ చేసి దానికే పరిమితం చెయ్యి. కర్వ్స్‌లో ఎరుపు ఛానెల్‌కి వెళ్లి ఎడమ కింది మూలలో ఉన్న చుక్కని పైకి జరిపి అవుట్‌పుట్ 10 చెయ్యి, ఆకుపచ్చలో 14, నీలంలో 20. మండపం అంకెలకి సరిగ్గా సమానం చెయ్యకు, ఆమె మండపం కంటే ముందు నిలబడింది కాబట్టి కాస్త చిక్కగా ఉండాలి. దూరం పెరిగేకొద్దీ నలుపు తేలిపోతుంది, దగ్గరకొచ్చేకొద్దీ చిక్కబడుతుంది. కొండ అంచున చీకట్లో రెండో ఆకారం పెట్టాలనుకుంటే దానికి ఇంకా పైకి ఎత్తాలి.

తర్వాత కంట్రోల్ 3 నొక్కు. మొత్తం పోస్టర్ ఎరుపు ఛానెల్‌లో నలుపు తెలుపుగా కనిపిస్తుంది. రంగు గోల లేదు కాబట్టి ఇప్పుడు కన్ను నిజం చెబుతుంది, అమ్మాయి ఎక్కువ తెల్లగా ఉందా, నేల కంటే కాంట్రాస్ట్ ఎక్కువుందా అన్నది ఇట్టే తెలుస్తుంది. కర్వ్స్‌లో ఎరుపు ఛానెల్ సర్ది ఆ నలుపు తెలుపు బొమ్మలో ఆమె అక్కడే పుట్టినట్టు కనిపించేదాకా ఆడించు. కంట్రోల్ 4 ఆకుపచ్చ, కంట్రోల్ 5 నీలం, మళ్లీ అదే పని. మూడూ అయ్యాక కంట్రోల్ 2 నొక్కి రంగుల్లోకి తిరిగి రా. ఇలా మూడు ఛానెళ్లూ విడివిడిగా కలిపితే రంగు దానంతటదే కలుస్తుంది, ఫిల్టర్లు, లుకప్పులు (రెడీమేడ్ రంగు సెట్టింగులు) ఒక్కటీ అక్కర్లేదు. నేర్పించే వీడియోల్లో దీన్ని రెండు నిమిషాల్లో దాటేసి లెన్స్ ఫ్లేర్ దగ్గర ఇరవై నిమిషాలు ఉంటారు, ఎందుకో మరి. జింప్‌లో అయినా, బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలో అయినా కర్వ్స్ ఉంది, ఛానెళ్లు ఉన్నాయి, ఇదే పద్ధతి. సాఫ్ట్‌వేర్ కొనలేదని ఆగేవాళ్లకి చెబుతున్నా.

సాయంత్రాన్ని రాత్రి చెయ్యడంలో ఇంకో కిటుకు ఎరుపు దగ్గర ఉంది. చీకటి పడేటప్పుడు పెరట్లో మందార చెట్టు చూడు, ఎర్ర పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా తేటగా కనిపిస్తుంటాయి. వెలుగు తగ్గినప్పుడు మన కన్ను ఎరుపుని ముందు వదిలేసి నీలం వైపు జరుగుతుంది, చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని 19వ శతాబ్దంలోనే గమనించి రాశాడు. కాబట్టి ఆమె ఎర్ర చీర లాంతరు వెలుగు పడ్డ మేరకే ఎర్రగా ఉండాలి, భుజం వెనక, కొంగు చివర దాదాపు నలుపు. దీనికి బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, బ్లెండింగ్ లూమినాసిటీకి మార్చి, రెడ్స్ స్లైడర్ బాగా కిందకి లాగు, లాంతరు వెలుగు పడే చోట మాస్క్‌లో నలుపు పూసి వదిలేయ్. నువ్వు చేసినట్టు మొత్తం మీద ఒకే నీలం వేస్తే బొట్టు కూడా ఊదా రంగులోకి వెళ్లింది చూడు.

ఆకాశం సాయంత్రం తీసింది కాబట్టి రాళ్ల కంటే తెల్లగా ఉంది, రాత్రికి అది కుదరదు. చెట్ల కొమ్మల మధ్య నుంచి ఆకాశం కట్ చెయ్యాలని చూడకు. ముదురు మబ్బుల ఫోటో ఒకటి పైన పెట్టి మల్టిప్లై (కిందదాన్ని ముదురు చేసే బ్లెండింగ్ మోడ్) చేస్తే తెల్ల ఆకాశం దిగిపోతుంది, నల్లటి కొమ్మలు అలాగే నిలబడతాయి. రాళ్ల మీద పడ్డదాన్ని మాత్రం మాస్క్‌తో తీసెయ్యి.

పాదాల దగ్గరికి వద్దాం. అందరూ పాదాల మీద పొగ కొట్టి తప్పించుకుంటారు, నువ్వూ అదే చేశావు. పొగ ఉండొచ్చు గానీ దాని కింద పాదం నేలకి తగిలి ఉండాలి. మడమ, వేళ్లు నేలని తాకే చోట సన్నటి, చాలా చీకటి గీత ఉంటుంది, దాని చుట్టూ కాస్త మెత్తటి నీడ. రెండూ వేర్వేరు లేయర్లు, రెండూ మల్టిప్లై, రంగు మాత్రం నలుపు తీసుకోకు, అదే నేల మీదున్న ముదురు చోటు నుంచి ఐడ్రాపర్‌తో తీసుకో. తర్వాత బ్యాక్‌గ్రౌండ్‌లోంచి రెండు గడ్డి పోచలు, ఒక రాయి ముక్క కాపీ చేసి పాదం ముందుకి తీసుకురా. పాదం సగం గడ్డిలో ఉంటే ఆమె అక్కడికి నడిచి వచ్చిందని ఎవరైనా నమ్ముతారు.

స్తంభం మీద నీడకి ఆమెనే జుట్టు విప్పించి, అదే చోట, అదే లాంతరు ఎత్తుతో ఇంకో ఫోటో తియ్యి. ఆ ఆకారాన్ని ముదురు నీలం నలుపుతో నింపి మల్టిప్లైలో స్తంభం మీదకి తీసుకెళ్లు. లాంతరు నడుము దగ్గర, కింద ఉంది కాబట్టి నీడ ఆమె కంటే పెద్దగా, పైకి పాకినట్టు పడాలి, తల చూరు దగ్గరికి చేరాలి. రాతి వంపుకి వార్ప్‌తో వంచు. స్తంభం మీద చెక్కడం ఉంటే నీడ దాని గుంటల్లో విరుగుతుంది, అక్కడ నాలుగైదు చోట్ల చేత్తో సరిచెయ్యి. బ్లర్ అంతటా ఒకేలా వద్దు, ఆమెకి దగ్గరగా ఉన్న చోట అంచు తేటగా, పైకి వెళ్లేకొద్దీ మెత్తగా. నీడ మరీ చిక్కగా పెడితే పోస్టర్ ఎదురుగా వచ్చి ఇదిగో చూడు అని అరిచినట్టుంటుంది. మొదటిసారి చూసినప్పుడు కనపడకుండా, రెండోసారి చూసినప్పుడు దొరికేంత ఉంచు.

పొగ బ్రష్‌లు నాకు పడవు, ఒకే బ్రష్ పది పోస్టర్లలో కనిపిస్తుంది. సంక్రాంతి ముందు తెల్లవారుజామున కృష్ణ కరకట్ట మీదకి వెళితే పొగమంచు ఊరికే దొరుకుతుంది, వెనక చీకటి చెట్లు ఉండేలా నాలుగు ఫోటోలు తీసి పెట్టుకో, స్క్రీన్ మోడ్‌లో వేస్తే చీకటి పోయి మంచు మాత్రం మిగులుతుంది. దాన్ని మండపానికీ అమ్మాయికీ మధ్య ఒక లేయర్, అమ్మాయికి ముందు ఇంకా పల్చగా ఒక లేయర్. లాంతరు దగ్గరున్న మంచు పసుపుగా మారాలి, అది మర్చిపోతే మళ్లీ స్టిక్కరే.

అన్నిటికీ పైన గ్రెయిన్. నీ బ్యాక్‌గ్రౌండ్ మసక వెలుగులో తీసింది, ఫోన్ దాన్ని నున్నగా చేసేసింది. అమ్మాయి ఫోటోలో చీర నేత కూడా కనిపిస్తోంది. ముందు అమ్మాయికి గాసియన్ బ్లర్ అర పిక్సెల్ నుంచి ఒకటి దాకా ఇచ్చి రెండిటి పదును కలుపు, తర్వాత 50 శాతం గ్రే నింపిన లేయర్‌కి మోనోక్రోమాటిక్ నాయిస్ మూడు నాలుగు శాతం కలిపి సాఫ్ట్ లైట్‌లో పైన వెయ్యి. గ్రెయిన్ అందరి మీదా ఒకేలా పడితే వేర్వేరు కెమెరాల సంగతి మరుగున పడుతుంది.

ఏఐతో మొత్తం చేయించుకోవచ్చు కదా అని నీ పోస్టు కింద కామెంట్లలో ఎవరో రాశారు. కోట దగ్గరున్న కరెంటు వైరు, ఇనుప రెయిలింగ్ తీసెయ్యడానికి, పైన పేరుకి చోటు లేకపోతే ఆకాశం పెంచుకోవడానికి జనరేటివ్ ఫిల్ హాయిగా వాడుకో. అమ్మాయి ముఖం మాత్రం దానికి అప్పజెప్పొద్దు, మీ సినిమాలో నటించిన పిల్ల పోస్టర్‌లో వేరే పిల్లలా ఉంటే ఇంట్లో వాళ్లే గుర్తుపట్టరు. అన్నట్టు పోస్టర్‌కి ఆ అమ్మాయినీ, వాళ్ల ఇంట్లోవాళ్లనీ అడిగి ఒప్పుకున్నాకే వెయ్యండి, ఊళ్లో ఎవరిదో పాత ఇల్లు ఫోటో తీసి దెయ్యాల కొంప అని గోడలకి అంటించి తన్నులాట తెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. కోట ఎంచుకున్నారు, మంచి పని చేశారు.

పేరు రాసేటప్పుడు యూనికోడ్ ఫాంటు వాడితే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయని నీ పోస్టర్ చూస్తేనే తెలుస్తోంది. నీ వెర్షన్‌లో ఉంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకో, ఇంకా పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, తర్వాత ఫోటోషాప్ మూసి తెరిచి కొత్తగా టైప్ చెయ్యి, కుదురుకుంటాయి. అక్షరాల నుంచి నెత్తురు కారడం తెలుగుకి అంతగా నప్పదు, కింద వేలాడే చుక్క దూరం నుంచి ఒత్తులా కనిపించి పేరు మారిపోతుంది. ఇంగ్లిష్ పోస్టర్లలో నడుస్తుంది, వాళ్ల క్యాపిటల్ అక్షరాల కింద దాదాపు ఏమీ ఉండదు. దానికి బదులు తెల్ల కాగితం మీద బొగ్గుతోనో, సగం ఆరిన కుంచెతోనో పేరు చేత్తో రాసి ఫోటో తీసి, కంట్రోల్ ఐ కొట్టి (నలుపు తెలుపులు తారుమారవుతాయి) స్క్రీన్ మోడ్‌లో వెయ్యి. గరుకు అంచు దానంతటదే వస్తుంది.

ఇక ఫ్లెక్స్. 4 బై 6 అడుగులంటే 48 బై 72 అంగుళాలు, అంగుళానికి 72 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో 3456 బై 5184 పిక్సెళ్లు. రోడ్డు మీద నుంచి చూసే ఫ్లెక్స్‌కి అది చాలు, థియేటర్ లాబీలో దగ్గర్నుంచి చూస్తారనుకుంటే 100 పెట్టుకో. 300 పెట్టి ఫైలు బరువు పెంచితే నీ సిస్టమ్ హ్యాంగ్ అవడం తప్ప లాభం లేదు. పని మొత్తం ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగులు) చేసి, చివర్లో కాపీ తీసుకుని దాన్నే సీఎంవైకేలోకి (ప్రింటింగ్ ఇంకు రంగులు) మార్చు. కాగితం మీద వాల్‌పోస్టర్ ఆఫ్‌సెట్‌లో కూడా వేయిస్తే పెద్ద నల్ల భాగాలకి ఒట్టి నలుపు ఇంకు సరిపోదు, బూడిదగా వస్తుంది, సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 లాంటి కలుపు నలుపు కావాలి. ప్రెస్‌లో వాళ్ల లెక్క అడిగి పెట్టు. కింద పేర్ల చిన్న అక్షరాలు నల్లగా ఉంటే వాటికి మాత్రం ఒట్టి బ్లాక్ 100 చాలు, నాలుగు రంగులు కలిపితే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది.

హారర్ పోస్టర్లకి ఫ్లెక్స్‌తో అసలు ప్రమాదం చీకటి. మానిటర్ వెనక నుంచి వెలుగుతుంది, ఫ్లెక్స్ వెలగదు. స్క్రీన్ మీద కష్టపడి చూపించిన నీడ వివరాలన్నీ అక్కడ ఒకే నల్ల మచ్చ అయిపోతాయి, నీ విరబోసిన జుట్టు నీడ మొదట పోతుంది. మానిటర్ బ్రైట్‌నెస్ సగానికి దించి ఒకసారి చూడు, పోస్టర్‌ని బొటనవేలంత చేసి ఫోన్‌లో ఒకసారి చూడు. రెండిట్లోనూ ముఖం, లాంతరు, స్తంభం మీద నీడ విడివిడిగా తెలియాలి. తెలియకపోతే ప్రింట్ ఫైలుకి మాత్రం పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి ముదురు భాగాలు కొంచెం ఎత్తు, నెట్‌లో పెట్టే ఫైలుని కదిలించకు. మొత్తం వేయించే ముందు ముఖం, లాంతరు, ఆ నీడ పడేలా అడుగు వెడల్పు పట్టీ ఒకటి అసలు సైజులోనే కట్ చేసి శాంపిల్ ప్రింట్ అడుగు. చిన్నది చేసి వెయ్యమనకు, చిన్నదాంట్లో ఏ తప్పూ కనపడదు. గవర్నర్‌పేటలో అయినా, గుంటూరు అరండల్‌పేటలో అయినా మర్యాదగా అడిగితే వేరేవాళ్ల ఫ్లెక్స్ పక్కన మిగిలిన ఖాళీలో వేసిస్తారు. ఆ ముక్కని షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి సరే అనకుండా బయట ఎండలో ఒకసారి, రాత్రి వీధి లైటు కింద ఒకసారి పట్టుకుని చూడు. నీడ రెండు చోట్లా కనిపిస్తే ఆర్డర్ ఇచ్చెయ్యి, ఎండలోనే కనిపించి రాత్రి పోతుంటే ఆ కర్వ్స్ ఇంకొంచెం ఎత్తి ఇంకో ముక్క వేయించు.